నమూనాకి ఒకటి

"లోకమంతా దుమ్ము లేపుతారు, ఈ బల్ల మీద దుమ్ము మాత్రం తుడవరు" అంది భార్య, తడిగుడ్డ తెచ్చి ఆయన కీబోర్డు పక్కన పెడుతూ.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సినిమాల్లో గుర్రం పరిగెడితే లేచే దుమ్ము, గోడ కూలితే కమ్ముకునే దుమ్ము ఆయన కంప్యూటర్లో పుట్టించేవే. స్టూడియోలో అందరూ దుమ్ము మాస్టారనే పిలుస్తారు. గుడ్డ తడిగా ఉండాలా, పొడిగా ఉండాలా అని మొదలైన తగవు, పాత గుడ్డ ఎవరు పారేశారన్న దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. ఇలాంటి వాటికి తీర్పు చెప్పే మనిషి, మాస్టారి తల్లి, పోయి ఏడాది కావస్తోంది.

ఆవిడ పోయినప్పటి నుంచి తండ్రి వంటింటి వైపు రాలేదు. కంచం గదికే వెళుతోంది. పలకరిస్తే ఊఁ అంటాడు, పలకరించకపోతే అదీ లేదు.

ఆ రోజు తండ్రి పుట్టినరోజు. మాస్టారు ఆయనకి తెలియకుండా ఒక నిమిషం సినిమా చేస్తున్నాడు. వంటింటి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి అమ్మ పిండి జల్లిస్తూ ఉంటుంది. పొద్దుటి ఎండలో పిండి దుమ్ము పైకి లేచి, మెల్లగా దిగుతుంది. అలాంటి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. అంతా జ్ఞాపకం మీద గీసిందే. రాత్రి భోజనాల దగ్గర గోడ మీద వేస్తే, అది చూడటానికైనా నాన్న వచ్చి నలుగురితో కూర్చుంటాడని మాస్టారి ఆశ.

ఇందులో ఒక చిక్కుంది. పిండి రేణువు ఈ క్షణాన ఎక్కడుందో తెలియాలంటే, ముందు క్షణాన ఎక్కడుందో తెలియాలి. అందుకని ఒకే కంప్యూటరు మొదటి నుంచి వరసగా లెక్కగట్టి, ఒక్కో బొమ్మకి ఒక్కో ఫైలు చొప్పున దాచిపెడుతుంది. దాన్నే కాష్ అంటారు. అది ఒక్కచోట ఉంటే చాలు, ఎన్ని కంప్యూటర్లయినా అందులో చూసుకుని తలా కాసిని బొమ్మలు గీసిపెడతాయి. అది లేకపోతే మాత్రం ఎవరి పిండి వాళ్ళదే.

మాస్టారు ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ కలిపాడు. తనది, భార్యది, కూతురిది, తండ్రిది. తండ్రి దాంట్లో చోటు ఎక్కువ, పైగా దాన్ని ఆయన ముట్టుకుని నెలలు దాటింది. కాష్ అక్కడ పెట్టాడు. బొమ్మల పని మొదలుపెట్టించి, తెర మీద ఏది అడిగినా సరే అనమని తల్లీకూతుళ్ళకి చెప్పి, స్నేహితుడి ప్రొజెక్టరు తేవడానికి వెళ్ళాడు.

పుట్టినరోజు కదా, పోయిన భార్య ఫొటోలు చూసుకుందామని పెద్దాయన సరిగ్గా ఆ రోజే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అది నత్తలా కదులుతోంది. ఎందుకా అని వెతికితే వేలకొద్దీ ఫైళ్ళు కనిపించాయి, అన్నిటికీ ఒకటే పేరు. మనవరాల్ని పిలిచి ఇవెవరివని అడిగాడు. రహస్యం బయటపడిపోతోందని ఆ పిల్ల హడలిపోయి, ఎవరివీ కావు తాతయ్యా, ఏవో పాతవి అనేసింది. పెద్దాయన ఉద్యోగమంతా స్టోర్సులో గడిపిన మనిషి. ఒకేరకం సరుకు వేలల్లో పడి ఉంటే చూస్తూ ఊరుకోలేడు.

కాసేపటికి కంప్యూటర్లు ఒక్కొక్కటే, ఫైలు దొరకలేదు, అయినా కానిమ్మంటారా అని అడగసాగాయి. మాస్టారి భార్యకి పొద్దుటి కోపం ఇంకా దిగలేదు. సరే అనమన్నారు కదా అని అన్నిటికీ సరే కొట్టి కూర తరగడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మాస్టారు వచ్చి చూస్తే పిండి ఒక బొమ్మలో పైకప్పు దాకా లేచి ఉంది, మరుసటి బొమ్మలో లేనేలేదు. తండ్రి కంప్యూటరు గీసిన వాటిలో కదలకుండా గాల్లో నిలబడిపోయింది. తండ్రి గదికి పరిగెత్తాడు.

"ఒకటే పేరురా అన్నిటికీ. చివర అంకె ఒక్కటే తేడా" అన్నాడు పెద్దాయన. "నమూనాకి ఒకటి ఉంచి మిగతావి తీసేశాను."

ఏడాదిలో ఆయన నోటి వెంట ఇంత పొడుగు మాట రావడం అదే మొదలు. ఆ మొహంలో పని చేసిన మనిషి తృప్తి కనిపించింది.

"మంచి పని చేశారు నాన్నా" అన్నాడు మాస్టారు.

మళ్ళీ లెక్కగట్టాలంటే రెండు రోజులు పడుతుంది. ఉన్నదే వేద్దామంది భార్య. మనవరాలు తాతయ్య కంచం గదికి తీసుకెళ్ళనని మొండికేసి, చెయ్యి పట్టుకుని ఆయన్నే బల్ల దగ్గరికి తెచ్చింది. దీపం ఆర్పారు. గోడ మీద ఆవిడ జల్లెడ ఆడిస్తోంది. పిండి ఉన్నట్టుండి మాయమవుతోంది, మళ్ళీ ప్రత్యక్షమవుతోంది, పిచ్చి పట్టినట్టు ఎగురుతోంది. మాస్టారు తల వంచుకుని కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఆయన నీడ ఆవిడ పక్కన పడింది.

"ఆపరా. ఏ చేత్తో జల్లిస్తోంది?"

"కుడి చేత్తో నాన్నా."

"అన్నీ కుడి చేత్తోనే చేసేది. జల్లెడ మాత్రం ఎడమ చెయ్యి. నువ్వు కుడి చంకలో తప్ప ఉండేవాడివి కాదు. దింపితే ఏడుపు. అలా అలవాటైపోయి, నువ్వు పెద్దయినా మారలేదు. నీకెలా తెలుస్తుందిలే, నువ్వు ఆ దుమ్మే చూస్తూ ఉండేవాడివి."

మాస్టారి భార్య తన పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు భర్త వైపు జరిపింది.

పెద్దాయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మాయ్, రేపటి నుంచి నా కంచం గదికి పంపకు. పొద్దున్నే వంటింట్లోకి నేనే వస్తాను. జల్లెడ ఎలా పట్టుకునేదో వీడికి చూపించాలి."

రెండు రోజులు లెక్కగట్టిన పిండి గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.