రావమ్మ కవరింగ్‌లో గోడ తీసిన వారం

ఆ సోమవారం ఉదయం శశిధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తాపీమేస్త్రి కృపావరం వస్తాడు. భోజనాల వేళకు ప్యాకింగ్ సెక్షనుకూ అకౌంట్సు సెక్షనుకూ మధ్యనున్న గోడ పడిపోతుంది. సాయంత్రానికి మట్టి ఎత్తించి నేల కడిగిస్తే, మర్నాటి నుంచి రావమ్మ గోల్డ్ కవరింగ్ కంపెనీలో అందరూ ఒకే హాల్లో కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకే ఇంటివాళ్లలా పని చేసుకుంటారు. హైదరాబాదులో రెండు రోజుల ట్రైనింగులో పంతులు చెప్పింది అదే. గోడలు తగ్గితే గొడవలు తగ్గుతాయి. శశిధర్ ఆ మాటను అక్షరాలా నమ్మాడు.

శశిధర్ పామిడిముక్కల కుర్రాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఒప్పుకున్న పనిని ఆరునూరైనా చేసి తీరడం అతని గుణం. బందరులో ఈ కంపెనీకి మేనేజరుగా చేరి ఆర్నెల్లు కావస్తోంది. "ఆర్నెల్లు చూస్తాను. నచ్చితే పర్మనెంటు చేస్తా, నచ్చకపోతే నీ దారి నీదే" అని యజమాని పూర్ణచంద్రరావు చేరిన రోజే చెప్పేశాడు. ఆ దారి ఎక్కడికో శశిధర్‌కు తెలుసు. పామర్రు సెంటర్లో మేనమామ పురుగుమందుల కొట్టు. మావయ్య అప్పుడే కౌంటరు పక్కన ఒక స్టూలు కూడా వేయించి ఉంచాడు.

కిందటి వారం పూర్ణచంద్రరావు బెంగుళూరులో కూతురింటికి వెళ్తూ, "నేనొచ్చేలోగా ఈ ఆఫీసుని ఓ కొలిక్కి తీసుకురా. వచ్చాక నీ సంగతి తేలుద్దాం" అన్నాడు. కొలిక్కి తేవాల్సింది ఏమిటో బజారంతటికీ తెలుసు. గుడివాడ కొట్టువాళ్లు ముత్యాల దండలు అడిగితే గాజులు వెళ్లేవి. గాజులు అడిగిన అవనిగడ్డకు వడ్డాణాలు వెళ్లేవి. ఎవరికేం కావాలో అకౌంట్సుకు తెలుసు. ఏ పెట్టెలో ఏముందో ప్యాకింగుకు తెలుసు. ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోరు, అంతే.

దానికి మూలం ఒక ఫ్యాను. మూడేళ్ల కిందట హెడ్ అకౌంటెంటు అబ్దుల్ గఫార్ ఆ ఫ్యానును రెండు మీద పెట్టాలన్నాడు, కాగితాలు ఎగిరిపోతాయని. ప్యాకింగులో పెద్దదైన చిట్టెమ్మ అయిదు మీద పెట్టాలంది, ఆడవాళ్లం ఉడికిపోతున్నామని. తీర్పు చెప్పలేక పూర్ణచంద్రరావు మధ్యలో గోడ కట్టించాడు. ఫ్యాను గఫార్ వైపు ఉండిపోయింది. అప్పటి నుంచీ రెండు మంచినీళ్ల కుండలు, రెండు టీ వేళలు, వారానికి రెండు తప్పుడు పార్సిళ్లు.

"గోడ తీస్తే తియ్యండి బాబూ. స్విచ్చి మాత్రం నా పక్కనే ఉండాలి" అన్నాడు గఫార్.

"స్విచ్చి ఆయన్నే ఉంచుకోమనండి. గాలి మాకొస్తే చాలు" అని గోడ అవతలి నుంచి చిట్టెమ్మ కేకేసింది.

సంప్రదింపులు సజావుగా ముగిశాయని శశిధర్ తృప్తి పడ్డాడు. కృపావరం సమ్మెట ఎత్తాడు.

మూడో దెబ్బకు పక్క స్టీలుసామాన్ల కొట్టు దైవాధీనం పరిగెత్తుకొచ్చాడు. దైవాధీనానికి దేవుడి మీద నమ్మకం మామూలుగా ఉండేది, వాస్తు మీద మాత్రం విపరీతంగా ఉండేది. బేరాలు తగ్గితే అందరూ ధర తగ్గిస్తారు. ఆయన గుమ్మం మార్చేవాడు. ఇప్పటికి ఆ కొట్టు గుమ్మం మూడు చోట్లు తిరిగి మళ్లీ మొదటి చోటికే వచ్చింది.

"ఎవరు చెప్పారబ్బాయ్, ఈ గోడ తియ్యమని?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరో చెప్పడం కాదండీ బాబాయ్ గారూ. హైదరాబాదులో నేర్చుకున్నాను. ఇది ఆఫీసు డిజైను."

"హైదరాబాదు మనిషా! పేరు చెప్పొద్దన్నాడా?"

"వాస్తు సిద్ధాంతి కాదండీ. గోడ తీస్తే మనుషులు కలుస్తారు. మనుషులు కలిస్తే పని కుదురుతుంది. పని కుదిరితే కంపెనీ పెరుగుతుంది."

"ఎన్నాళ్లకి?"

"ఆర్నెల్లలో తేడా కనిపిస్తుందన్నారు."

"చూశావా! అసలైనవాడు ఎవడైనా ఆర్నెల్లే చెప్తాడు." దైవాధీనం కళ్లు గోడ మీద నిలిచిపోయాయి. శశిధర్ ఓపిగ్గా మళ్లీ మొదటి నుంచి వివరించాడు. అతను వివరించిన కొద్దీ దైవాధీనం మొహంలో భక్తి పెరిగింది. ఇంత చదువుకున్న కుర్రాడు ఇంతగా దాస్తున్నాడంటే చెప్పినవాడు ఎంత గొప్పవాడో అనుకున్నాడు. దాంతోపాటే భయం కూడా పట్టుకుంది. పక్కింటివాడు గోడ తీసుకుని తేలికపడితే ఆ బరువంతా తన మీద పడదూ?

పదిహేను నిమిషాల తర్వాత ఆయన కృపావరాన్ని మోచేయి పట్టుకుని తీసుకుపోయాడు. "ముందు నా గోడ కొట్టి, తర్వాత వాళ్లది చూసుకో."

"ఇప్పుడే వచ్చేస్తానండీ" అని కృపావరం సమ్మెట భుజాన వేసుకుని వెళ్లాడు. అప్పటికి మధ్యగోడలో కిటికీ అంత కన్నం పడింది.

ఇప్పుడే వస్తానన్న తాపీమేస్త్రి ఆ రోజు రాలేదు. స్టీలు కొట్టువాడు గోడ తీయడం చూసి టైలరు తీయించుకున్నాడు. టైలరును చూసి మందుల షాపువాళ్లు తీయించుకున్నారు. ఎందుకు తీస్తున్నావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఏ దిక్కున తీస్తున్నావని మాత్రం అడిగారు. మంగళవారం సాయంత్రానికి వీధంతా ఎర్ర దుమ్ము పట్టింది. రావమ్మ కవరింగు వాళ్లు హైదరాబాదు నుంచి సిద్ధాంతిని రహస్యంగా దింపారని, ఆయన రాత్రికి రాత్రే వెళ్లిపోయాడని బస్టాండు దాకా పాకింది.

శశిధర్ కంగారు పడలేదు. అతని కళ్లముందే కన్నం పని చేయడం మొదలుపెట్టింది. మొదటి రోజు మధ్యాహ్నం చిట్టెమ్మ అందులోంచి తల పెట్టి చూసింది.

"ఏమండీ గఫార్ గారూ, రెండు మీద పెట్టుకుంటానన్నారు. అయిదు మీద తిరుగుతుందే!"

మూడేళ్ల రహస్యం బయటపడిన గఫార్‌కు ముద్ద గొంతులో అడ్డుపడింది. "ఈ రోజు కాస్త ఎండగా ఉందమ్మా" అన్నాడు.

"ఈ మూడేళ్లూ ఎండేనా అండీ?"

ప్యాకింగు ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు. గఫార్ కూడా నవ్వక తప్పలేదు. మర్నాడు ఆయన క్యారియర్‌లో ఒక గిన్నె ఎక్కువ తెచ్చాడు. "మా మహమూదా చేసిన సేమ్యా అమ్మా. అందరూ తీసుకోండి" అని కన్నంలోంచి అందించాడు. చిట్టెమ్మ గోంగూర పచ్చడి ఇటు పంపింది. శశిధర్ అది చూసి, ట్రైనింగులో దీన్ని ఏమన్నారో గుర్తు చేసుకోబోయి, పేరెందుకులే అని మానేశాడు.

బుధవారం ఉదయం అతను గుడివాడ వెళ్లాడు. ముత్యాల దండలకు బదులు గాజులు అందుకున్న కొట్టువాళ్లకు క్షమాపణ చెప్పి, సరైన సరుకు పంపుతానని ఒప్పుకోవాలి. వెళ్తూ, "కృపావరం వస్తే మిగతాది కూడా చేయించండి" అని గఫార్‌కు చెప్పాడు.

కృపావరం వచ్చాడు. కానీ ఒంటరిగా రాలేదు. దైవాధీనమే అతన్ని వెంటపెట్టుకుని వచ్చాడు. రెండు రాత్రులుగా ఆయనకు నిద్ర లేదు. "సగం తీసిన గోడని అట్టా వదిలేస్తే పక్కవాడికి అరిష్టం. తీస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా తియ్యాలి. నేను దగ్గరుంటా, నువ్వు కానివ్వు" అన్నాడు. గఫార్ వద్దనలేదు. మేనేజరే చేయించమన్నాడు కదా. ఆ గోడ ఈ చివర ప్యాకింగు గదితో మొదలై, ఆ చివర యజమాని క్యాబిన్‌ను చుట్టి ఆగుతుంది. దైవాధీనం దగ్గరుండి ఆ చివర దాకా తీయించాడు.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన శశిధర్‌కు ఆఫీసు గుమ్మంలోంచి నేరుగా యజమాని కుర్చీ కనిపించింది. దాని వెనక గోడ మీద యజమాని తల్లి రావమ్మ గారి ఫోటో, ముందు పెద్ద టేకు బల్ల. ఆ బల్ల మీద ప్యాకింగు ఆడవాళ్లు ముత్యాల దండలు పేర్చుకుంటున్నారు.

"ఇక్కడ గాలి బాగా వస్తోందండీ" అంది చిట్టెమ్మ.

శశిధర్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. యజమాని వచ్చేది ఆదివారం. రేపు ఇటుకలు తెప్పిస్తే శనివారానికి క్యాబిన్ మళ్లీ లేస్తుంది. కంగారెందుకు? కృపావరాన్ని పిలిచాడు.

"వచ్చే బుధవారం దాకా ఖాళీ లేదండీ. ఈ వీధిలో అన్నీ పడగొట్టే పనులే. కట్టమన్నవారు మీరొక్కరే" అన్నాడు కృపావరం.

ఆ రాత్రికే పూర్ణచంద్రరావు బెంగుళూరులో రైలెక్కేశాడని శశిధర్‌కు తెలియదు. అవనిగడ్డ శోభనాద్రి సిద్ధాంతి ఆయనకు ఎస్టీడీలో ఫోన్ చేశాడు. ఆ ఆఫీసులో ప్రతి గోడా శోభనాద్రి ముహూర్తం పెట్టి లేపినదే. నైరుతిలో యజమాని క్యాబిన్ ఆయన ప్రాణం. "నా మీద ఇంకో సిద్ధాంతిని తెచ్చారటగా" అని ఒకే మాట అని పెట్టేశాడు.

శుక్రవారం ఉదయం ఆఫీసు ముందు కారు ఆగింది. ముందు పూర్ణచంద్రరావు దిగాడు, తర్వాత శోభనాద్రి దిగాడు. అప్పటికే దైవాధీనం, టైలరు, మందుల షాపాయన, ఇంకా వీధిలో గోడలు పోగొట్టుకున్న వాళ్లంతా గుమ్మం ముందు చేరారు.

పూర్ణచంద్రరావు లోపలికి వచ్చి, తన కుర్చీని అటూ ఇటూ చూసి, "నా గది ఏదయ్యా?" అన్నాడు.

"తీసేశారండీ" అన్నాడు శశిధర్.

"ఎవడు తియ్యమన్నాడు?"

ఒక్క అబద్ధం చాలు. హైదరాబాదు సిద్ధాంతి అంటే వీధంతా సాక్ష్యం చెబుతుంది. పామర్రు సెంటర్లో స్టూలు శశిధర్ కళ్ల ముందు మెదిలింది. కానీ వాళ్లింట్లో అబద్ధమాడే అలవాటు లేదు, కొత్తగా నేర్చుకునే తీరికా లేదు. "మధ్యగోడ తియ్యమన్నది నేనేనండీ. వాస్తు కోసం కాదు. మనవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని. మీ గది దాకా పోవడం నేను ఊళ్లో లేనప్పుడు జరిగింది. బాధ్యత మాత్రం నాదే."

"చూశారా, ఇప్పటికీ పేరు బయటపెట్టట్లేదు" అన్నాడు దైవాధీనం మందుల షాపాయనతో, మెచ్చుకోలుగా.

పూర్ణచంద్రరావు మొహం ఎర్రబడింది. నోరు తెరవబోతుండగా ఫోన్ మోగింది. గఫార్ ఎత్తాడు. గుడివాడ వాళ్లు. "చిట్టెమ్మా, గుడివాడ దండలు ఎక్కడిదాకా వచ్చాయి?" అని కూర్చున్న చోటు నుంచే అడిగాడు.

"పెట్టె కట్టేశామండీ. పదకొండింటి బస్సుకి వేసేస్తాం. గాజులు కాదని చెప్పండి!"

"గాజులు కాదటండీ" అని గఫార్ ఫోన్‌లో చెప్పాడు. అవతల నవ్వు వినిపించింది. పూర్ణచంద్రరావు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇలాంటి సంగతే ఒకటి తేలడానికి పోయిన నెలలో నాలుగు రోజులు పట్టింది.

అందరూ శోభనాద్రి వైపు తిరిగారు. సిద్ధాంతి హాలంతా ఒకసారి నడిచాడు. మొండిగోడ అంచు చేత్తో తడిమాడు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ గోడలు కొట్టించుకున్న వాళ్లంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తప్పు అంటే వీళ్లందరి గోడలూ తప్పే. ఒప్పు అంటే ఆ హైదరాబాదువాడు గెలిచినట్టే. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఈ గోడ నేను వేయించింది మూడేళ్ల కోసమే" అన్నాడు నెమ్మదిగా. "గడువు తీరింది. నేనే వచ్చి చెబుదామనుకున్నా. కుర్రాడు తొందరపడ్డాడు. అయినా సరిగ్గానే తీశాడు."

వీధంతా ఊపిరి వదిలింది. దైవాధీనం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. పూర్ణచంద్రరావు కుర్చీలో కూర్చుని, ఫ్యాను గాలి తన దాకా రావడం గమనించి, మొదటిసారి నవ్వాడు. "ఏమయ్యా శశిధర్, ఈ రోజు నుంచి నువ్వు పర్మనెంటు."

శశిధర్‌కు ముందు ఇల్లే గుర్తొచ్చింది. సాయంత్రం పామిడిముక్కల ఫోన్ చేసి నాన్నకు చెప్పాలి. మావయ్యకు కూడా చెప్పాలి, స్టూలు తీసేయమని.

"అయితే ఒక్క లోపం ఉంది" అన్నాడు శోభనాద్రి. ఊరికే మెచ్చుకుని వెళ్లిపోతే ఆయన సిద్ధాంతి ఎలా అవుతాడు? "మేనేజరు ఇలా నలుగురి మధ్యా కూర్చోకూడదు. వాయవ్యంలో ఆయనకో గది పడాలి. నాలుగు వైపులా గోడ, ఒకటే తలుపు."

"వద్దండీ" అన్నాడు శశిధర్ గాభరాగా. "ఇదంతా చేసింది అందుకు కాదండీ..."

"నువ్వాగవయ్యా. పర్మనెంటు మేనేజరు బయట కూర్చుంటే బజార్లో నా పరువేం కావాలి?" అన్నాడు పూర్ణచంద్రరావు.

వచ్చే బుధవారం దాకా ఖాళీ లేని కృపావరం, సిద్ధాంతి మాట అనేసరికి ఆ మధ్యాహ్నమే ఇటుకలతో వచ్చాడు. నాలుగు రోజుల్లో గది లేచింది. గఫార్ దగ్గరుండి తలుపుకు నేమ్ ప్లేటు కొట్టించాడు. చిట్టెమ్మ గుమ్మానికి మామిడాకులు కట్టింది. మొదటి రోజు శశిధర్ లోపల కూర్చుని ఫైలు తిరగేస్తుంటే బయట హాల్లోంచి గొల్లున నవ్వు వినిపించింది. గఫార్ గొంతు, చిట్టెమ్మ గొంతు, పూర్ణచంద్రరావు గొంతు కూడా ఉన్నాయి. ఏమిటా జోకు అని అడుగుదామని తలుపు తీశాడు.

అందరూ నవ్వు ఆపారు. పనివాళ్లంతా మర్యాదగా లేచి నిలబడ్డారు.