గిడియోన్ మేస్త్రీకి ఓడిపోయే హక్కు లేదు

ఈ దేశంలో మనిషిని మనస్ఫూర్తిగా నమ్మేది ఒక్క ఇన్‌కం టాక్స్ చట్టమేనని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి! కేసినోలో మీరు ఒక్కసారి గెలవండి చాలు. ఆ తర్వాత అంతా ఓడిపోయానని మీరే వెళ్లి మొత్తుకున్నా అది లెక్కలోకి తీసుకోదు. కన్నతల్లి అయినా అంతగా వెనకేసుకొస్తుందా?

అనుమానం ఉంటే మెదక్ రండి, గిడియోన్ మేస్త్రీని చూపిస్తాను.

ఇళ్లకు రంగులు వేసే గిడియోన్‌కు పేకముక్కలు పట్టుకోవడం కూడా రాదు. చర్చిలో పాటలు పాడే మనిషి. ఆ మాటకొస్తే పేకాటకు ఇక్కడ మర్యాద ఎక్కడుంది? హవేలిఘనపూర్ పొలం గట్టున నలుగురు కూర్చుని ఆడితే పోలీసు జీపు వస్తుంది. అదే గోవాలో పడవెక్కి ఆడితే చల్లటి జ్యూసు ఇచ్చి సార్ అంటారు. మన గట్టు చుట్టూ నీళ్లు తక్కువ, అంతే తేడా!

పెయింటు డబ్బాల్లో వచ్చే టోకెన్లు ఏడాదంతా పోగేసినందుకు కంపెనీ వాళ్లు గిడియోన్‌ను గోవా తీసుకెళ్లారు. పడవ మీద కేసినో చూపించారు. ముక్కలు ముట్టనని ఒట్టేసుకున్నాడు గానీ, మిషన్ బటన్ నొక్కనని అతను ఎవరికీ మాటివ్వలేదు. నొక్కాడు. గంటలు మోగాయి. ఐదు లక్షలు!

అందులో లక్షన్నర టాక్సు కింద అక్కడికక్కడే కోసుకుని మిగతా మూడున్నర లక్షలు చేతిలో పెట్టారు. ఆ నోట్లు జేబులో పెట్టుకోకముందే పెళ్లానికి ఫోన్ చేశాడు.

"ఎలిశిబా, ఐదు లక్షలు గెలిచిన! దేవుడు మస్తు చూసిండే మనల్ని. వినీల నర్సింగ్ ఫీజుకు ఇంక ఫికర్ చెయ్యకు!"

బిడ్డ చదువు ఆగిపోతుందని నెల రోజులుగా దిగులు పడుతున్న ఎలిశిబా సంతోషంతో ఏడ్చేసింది. ఇటు ఫోన్ పెట్టేసిన గిడియోన్‌కు మాత్రం ఆ పోయిన లక్షన్నర మీదే ప్రాణం కొట్టుకుంది. దాన్ని రాబట్టుకుందామని మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. తెల్లారేసరికి చేతిలోని మూడున్నర లక్షలూ అందులోనే పోయాయి.

ఇంటికొచ్చి నిజం చెప్పేవాడే. కానీ ఈలోపే ఎలిశిబా చిట్టీ డబ్బులు తీసి కృతజ్ఞత కానుక కవర్లో పెట్టేసింది. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు గిడియోన్ కుటుంబం పేరు చదివి, వాళ్లు పొందిన మేలు కోసం ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అన్నాక, అయ్యా ఓడిపోయానని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

"పైసలన్నీ టాక్సోళ్ల కాడ ఆగినయి. రిటర్న్ వేస్తే వస్తయి" అనేశాడు పెళ్లాంతో.

అబద్ధమే. కానీ అందులో లక్షన్నర మేరకు అతనికి నిజంగానే నమ్మకం ఉంది. ఓడిపోయిన సంగతి చెప్పుకుంటే ఆ టాక్సు వాపసు ఇస్తారని, దాంతో ఫీజు గట్టెక్కుతుందని ఆశ.

ఇక ఊరు కూడా చట్టం బాటలోనే నడిచింది. హోటల్లో అందరి టీలూ గిడియోన్ ఖాతాలోకే. రంగులు వేయించుకున్నవాళ్లు "నీకేందన్నా, లక్షాధికారివి!" అని కూలి ఆపారు. ఏడుపాయల దుర్గమ్మ జాతరకు పోయే కుర్రాళ్లు వచ్చి చందా కూడా రాయించుకున్నారు. మతసామరస్యానికి కేసినో చేసిన సేవ చిన్నదా చెప్పండి?

కాలేజీ గడువు దగ్గరపడగానే ఎలిశిబా మొగుణ్ని వెంటబెట్టుకుని రిటర్నులు వేసే మదన్ మోహన్ ఆఫీసుకు వెళ్లింది.

"సార్, మా ఐదు లక్షలు ఎప్పుడొస్తయి?"

మదన్ మోహన్ కంప్యూటర్లో గిడియోన్ లెక్క తీసి చూశాడు. "ఐదు లక్షలేందమ్మా? మూడున్నర అప్పుడే చేతికిచ్చిండ్రు గద. మిగిలింది టాక్సు. అది రాదు."

ఎలిశిబా మొగుడి వంక చూసింది. గిడియోన్ పెచ్చులూడిన గోడ వంక చూశాడు. దానికి రెండు కోటింగులు పడతాయి అనుకున్నాడు. ఆ గోడను చూస్తూనే చెప్పాడు.

"పోయినయే. అన్నీ గాడనే పోయినయి." వెంటనే మదన్ మోహన్ వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఓడిపోయిన సార్. గది రాయుండ్రి. లక్షన్నరన్న వాపసు ఇయ్యుమనుండ్రి!"

"కుదరదు మేస్త్రీ. గెలిచింది మొత్తం చూపియ్యాలె. ఓడింది అందులకెల్లి ఒక్క రూపాయి తీసెయ్యనియ్యరు."

"గెలిచింది, ఓడింది ఒక్కటే మిషన్ల సార్!"

"గెలిచింది సర్కారుకెరుక. ఓడింది నీకెరుక. ఇంకో ఆరు వేలు కట్టాలె. టాక్సు మీద సెస్సు."

చూశారా పాఠకులారా! ఓడిపోయాను మహాప్రభో అని ఒకడు కాళ్లావేళ్లా పడుతుంటే, కాదు నాయనా నువ్వు గెలిచావు అని ధైర్యం చెబుతోంది చట్టం. వేలకు వేలు గుంజే వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో కూడా ఇంత ప్రోత్సాహం దొరకదు.

ఎలిశిబా ఏడవలేదు. అరవలేదు. "గా ఆరు వేలు దేనికి సార్?" అని మాత్రం అడిగింది.

"హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్సమ్మా. దేశంల ఆరోగ్యానికి, పిల్లల సదువుకు."

"మా వినీల సదివేది నర్సింగ్ సార్. ఆరోగ్యం గూడ గదే, సదువు గూడ గదే. గీ రశీదు కాలేజీల చూపిస్తే ఫీజు కట్టినట్టు రాసుకుంటరా?"

మదన్ మోహన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాసుకోరమ్మా."

"గీయన గెల్వలేదు. నా బిడ్డ గెల్వలేదు." ఎలిశిబా కొంగు బిగించి లేచింది. "మరి గా పొద్దు మిషన్ కాడ గెలిచిందెవరు సార్?"