చిట్టెలుక స్వయంగా బిగించిన కారు

క్రిస్మస్ పొద్దున పిల్లలకు ఇవ్వబోయే ఆటవస్తువును ముందుగానే బిగించి ఉంచడం వాళ్ళ వ్యక్తిత్వ వికాసానికి గొడ్డలిపెట్టు అని శిక్షణాధికారి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటించాడు. ప్రకటన తక్షణం అమల్లోకి వచ్చింది. అభ్యంతరాలు తెలుపుకోవడానికి గడువేమీ ఇవ్వలేదు.

లిఫ్టులు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు స్వావలంబన నేర్పడం ఆయన ఉద్యోగం. ఎవరిమీదా ఆధారపడకండి అనే పాఠం చెప్పడానికి ఆయనకు ఒక సహాయకుడూ, ఒక గుమాస్తా, తెర మీద బొమ్మలు మార్చడానికి ఇంకొకడూ ఉన్నారు. ఇంట్లో బల్బు మాడిపోతే ఆయన తీసుకునే మొదటి చర్య భార్యను పిలవడం. తన పనులన్నీ పక్కవాళ్ళ చేత చేయించుకునేవాడే స్వావలంబన గురించి తీరిగ్గా ఆలోచించగలడని కంపెనీ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఏనాడూ వమ్ము చేయలేదు.

వివాదానికి మూలం ఒక ఎర్రటి తొక్కుడు కారు. వాళ్ళుండే భవనం కింద ఆవరణలో సాయంత్రమైతే పిల్లలందరూ ఏదో ఒక బండి వేసుకుని తిరుగుతారు. ఆయన ఆరేళ్ళ కూతురు చిట్టెలుకకు మాత్రం కాళ్ళే ఉన్నాయి. ఆ కాళ్ళతోనే బండ్ల వెనక పరుగెత్తేది. ఒక్కసారి ఎక్కుతానని అడిగితే రేపనేవాళ్ళు. పిల్లల క్యాలెండరులో రేపు ఎప్పుడొస్తుందో మీకు తెలియనిది కాదు. చివరికి తల్లి, తండ్రి కలిసి కారు కొన్నారు. పెద్ద అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చింది.

పై అంతస్తులో ఉండే బావమరిది కూడా తన కొడుక్కి అదే కారు కొన్నాడు. బీమా పాలసీలు అమ్ముకునే మనిషి, సిద్ధాంతాల జోలికి పోయే తీరిక లేదు. పిల్లాడు బడికి వెళ్ళిన పూట చూసి, తలుపేసుకుని, బిగించేసి, దుప్పటి కప్పేశాడు. వాడు పొద్దున లేచి కారు తొక్కాలి గాని బిగించే కాగితం చదువుతూ కూర్చోకూడదు బావా, అన్నాడు. శిక్షణాధికారి జాలిగా నవ్వాడు.

ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. దేని మీద ఏం రాసి ఉన్నా చదివే అలవాటు ఆమెది.

"పెట్టె మీద పెద్దవాళ్ళే బిగించాలని రాసుందండీ."

"అది కంపెనీవాళ్ళ పిరికితనం."

"పోనీ ఒకసారి విప్పి, సామానంతా ఉందో లేదో చూసి మళ్ళీ మూసేద్దాం."

ముందే తొంగిచూస్తే ప్రయోగం కలుషితమవుతుందని ఆయన వివరించాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఒకసారి తేల్చాక, నాలుగో కాలు స్వయంగా వచ్చి తన్నినా ఆయన చలించడు.

ఇంతటి మౌలికమైన సమస్య ఒక ఇంటి నాలుగు గోడల మధ్య ఇమడదు కదా. బంధువర్గం బిగింపువాదులు, విప్పువాదులని రెండుగా చీలింది. ఆస్తి పంపకాలప్పుడు మాటలు మానేసిన పెద్దత్త ఫోన్ చేసి మరీ తాను బిగింపు పక్షమని తెలియజేసింది. కింది అంతస్తులో ఎదురెదురు తలుపులవాళ్ళిద్దరు ఈ విషయం మీద వాదించుకుని పలకరింపులు మానేశారు. ఇద్దరికీ పిల్లలు లేరు. అందువల్ల వాళ్ళ వాదన స్వార్థరహితంగా సాగిందని అందరూ మెచ్చుకున్నారు.

విషయం బడి దాకా వెళ్ళింది. తల్లిదండ్రుల సమావేశంలో ప్రసంగించవలసిందిగా ప్రధానోపాధ్యాయురాలు శిక్షణాధికారిని ఆహ్వానించింది. ఆయన మైకు ఎత్తు సరిచేయడానికి ఒకరిని పిలిచి, ఇలా సెలవిచ్చాడు:

"తల్లిదండ్రులారా, మనం బిగించి ఇచ్చేవి చక్రాలు కావు, సంకెళ్ళు. ఈరోజు మీరు వాళ్ళ బొమ్మకి నట్టు బిగిస్తే, రేపు వాళ్ళ చొక్కాకి గుండీ కూడా మీరే పెట్టాలి. స్క్రూడ్రైవర్ వాళ్ళ చేతికివ్వండి. భవిష్యత్తుని వాళ్ళే తిప్పుకుంటారు."

చప్పట్లు మారుమోగాయి. అర్థం కానివాళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు కొట్టారు. ఆ ఊపులో ప్రధానోపాధ్యాయురాలు ఒక పోటీ ప్రకటించింది. క్రిస్మస్ నాడు ప్రతి విద్యార్థీ తన ఆటవస్తువును తానే బిగించుకోవాలి, తల్లిదండ్రులు వీడియో తీసి పంపాలి, ఉత్తమ స్వావలంబికి కప్పు. కప్పు అనే మాట వినగానే బిగింపువాదులందరికీ జ్ఞానోదయమైంది. బావమరిది ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి దుప్పటి తీసి, చెమటలు కక్కుతూ కారంతా విప్పి, మళ్ళీ పెట్టెలో సర్దాడు.

క్రిస్మస్ తెల్లవారింది. చిట్టెలుక కొత్త గౌను వేసుకుని పెట్టె ముందు నిలబడింది. తల్లి ఫోన్ పట్టుకుంది. మూత తెరుచుకుంది. ఎర్రటి రేకులు, చక్రాలు, ఇనప కడ్డీలు, సంచీలో నట్లు, స్క్రూలు. పాప చాలాసేపు చూసింది.

"విరిగిపోయిందా నాన్నా?"

"విరగలేదమ్మా. ఇది కారు కాదు, అవకాశం."

"మరి కారెప్పుడొస్తుంది?"

ఈ సంభాషణ వీడియోలో ఉండరాదని శిక్షణాధికారి నిర్ణయించాడు.

చిట్టెలుక కాసేపటికి తేరుకుంది. రేకు మీద కూర్చుంది. ఒక చక్రం రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, నోటితో బుర్రుమని చప్పుడు చేసింది. అడ్డొచ్చిన సోఫాను తప్పుకోమంది. మలుపు తిరిగి నవ్వింది. ఆ గదిలో ఆ రోజు కారు నడిచింది ఆ కాసేపే.

"అలా కాదమ్మా," అన్నాడు తండ్రి.

కడ్డీ ఒకటి తీసి ఏనుగు తొండమంది. అలా కాదన్నాడు. నట్లన్నీ వరసగా పేర్చింది. అలా కానే కాదన్నాడు. చివరికి, కేవలం మొదటి నట్టు ఎలా పట్టుకోవాలో చూపించే ఉద్దేశంతో ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఆ స్క్రూడ్రైవర్ మళ్ళీ ఆ చేతికి వెళ్ళలేదు.

ఆడలేనివాడికి మద్దెల ఓటిది కావడం లోకరీతి. స్క్రూడ్రైవర్ నాసిరకమన్నాడు. గదిలో వెలుతురు చాలదన్నాడు. భార్య ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడటం వల్ల ఏకాగ్రత చెడుతోందన్నాడు. మధ్యాహ్నానికి పైనుంచి బావమరిదిని పిలిపించారు. వాడు ఒకసారి బిగించి, ఒకసారి విప్పి, పొద్దున మళ్ళీ బిగించి వచ్చిన అనుభవజ్ఞుడు. సైద్ధాంతిక విభేదాలు పక్కనపెట్టి బావా బావమరుదులు నేల మీద బోర్లా పడుకుని చేయి చేయి కలిపారు.

చిట్టెలుక సోఫాలో కూర్చుని పిలుపు కోసం చూసింది. ఏదైనా భాగం బిగియగానే ఆమెను పిలిచి, పానా చేతిలో పెట్టి, బిగిసిన నట్టునే బిగిస్తున్నట్టు వీడియో తీసేవాళ్ళు. ముఖంలో కుతూహలం ఉండాలన్నాడు తండ్రి. కుతూహలమంటే ఏమిటని అడిగింది. కళ్ళు పెద్దవి చెయ్యమన్నాడు. కింద ఆవరణలోంచి గంటలూ చక్రాల చప్పుడూ వినిపిస్తున్నాయి.

"కిందికెళ్ళొచ్చా నాన్నా?"

"స్వయంగా పనిచేసేవాళ్ళు మధ్యలో వదిలేసి వెళ్ళరమ్మా."

చీకటిపడే వేళకు కారు నిలబడింది. కిందికి దించేసరికి పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. చిట్టెలుక ఎక్కి కుడికి తిప్పింది. కారు ఎడమకు వెళ్ళి గోడకు గుద్దుకుంది. కడ్డీ ఎక్కడో తిరగబడి కూర్చుంది. మళ్ళీ విప్పే ఓపిక ఎవరికీ లేదు. ఎటు వెళ్ళాలో దానికి ఎదురు దిక్కుకు తిప్పుకుంటే సరిపోతుందమ్మా అన్నాడు మేనమామ. పిల్ల చురుకైనది, రెండు మలుపుల్లో అలవాటు చేసుకుంది.

వీడియోను ఆఫీసులో బొమ్మలు మార్చేవాడికి అప్పగించారు. వాడు పెద్దవాళ్ళ చేతులున్న చోటల్లా కత్తిరించి, మిగిలిన కాస్తకు సంగీతం జోడించాడు. కప్పు చిట్టెలుకకే వచ్చింది.

బహుమతి రోజున వేదిక మీద ప్రధానోపాధ్యాయురాలు వంగి మైకు పాప నోటి దగ్గర పెట్టింది.

"కారు ఎవరు బిగించారు తల్లీ?"

ముందువరసలో శిక్షణాధికారి కుర్చీ అంచుకు జరిగాడు. ఏం చెప్పాలో పాపకు నేర్పలేదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. చిట్టెలుక కప్పు వంక చూసింది. తండ్రి వంక చూసింది. కళ్ళు పెద్దవి చేసింది.

"నేనే."

"ఎవరూ సాయం చెయ్యలేదా?"

"ఎవరూ చెయ్యలేదు. నాన్న సోఫాలో కూర్చుని చూశాడంతే."

హాలు హాలంతా లేచి నిలబడింది. తండ్రి కళ్ళు చెమర్చాయి. తల్లి చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె, పాప వినకుండా, గొంతు తగ్గించి అంది:

"అలా చెప్పమని మనం నేర్పలేదండీ."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా," అన్నాడు శిక్షణాధికారి గర్వంగా. "స్వయంగా నేర్చుకుంది."

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. ఎర్ర కారు, కొత్త గౌను, పెద్ద కళ్ళు. మీరు మెచ్చుకుని, పదిమందికి పంపి, పక్కనున్న మీ పిల్లలకు చూపించి, చూసి నేర్చుకోండర్రా అన్నారు కూడా. బెంగపడకండి. నేర్చుకుంటారు.