దావలో ఉండా

శుక్రవారం పొద్దున ఆరున్నరకల్లా శ్రీరాములు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుంకుమ భరిణె జేబులో వేసుకుని తయారైపోయాడు. మదనపల్లెలో కట్టుకున్న కొత్తింటికి ఆదివారం తెల్లవారుజామున గృహప్రవేశం. ఆ ఇంట్లో మొదటి పాలు పొంగించే గిన్నె ఇంటావిడ పుట్టింటి నుంచి రావాలి. సుధారాణికి పుట్టిల్లంటే ఇప్పుడు మిగిలింది పుంగనూరులో ఉన్న అన్న శంకరప్ప ఒక్కడే. ఆ శంకరప్ప మూడేళ్లుగా వీళ్ల గడప తొక్కలేదు.

తప్పు శ్రీరాములుదే. శంకరప్ప కూతురు కీర్తన పెళ్లికి పూలదండలు తెచ్చే పని ఆయనే నెత్తినేసుకున్నాడు. తీరా ఆ పొద్దున, రాలేని చుట్టాలందరికీ పెళ్లిని ఫోన్లలో చూపిస్తానని కంప్యూటరుకు ఏవో తీగలు తగిలిస్తూ ఇంట్లోనే కూర్చుండిపోయాడు. బావ ఫోన్ చేసిన ఆరుసార్లూ "దావలో ఉండా బావా, పది నిమిషాలు" అన్నాడు. ఆరోసారికి ఒంటి మీద చొక్కా కూడా లేదు. అందులో ఆయనకు పెద్ద తప్పేమీ తోచలేదు. ఆ చుట్టుపక్కల మంచం దిగనివాడు కూడా దావలోనే, అంటే దారిలోనే, ఉంటాడు. కానీ దండలు ముహూర్తం దాటాక వచ్చాయి. వధూవరులు పందిరి గుంజకు చుట్టిన బంతిపూలు తెంపి మార్చుకోవలసి వచ్చింది.

నెల రోజులు సుధారాణి బతిమాలితే శంకరప్ప ఒక మెట్టు దిగాడు. శుక్రవారం రాహుకాలం రాకముందే, అంటే పదిన్నరలోగా, శ్రీరాములు స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే వస్తానన్నాడు. ఒక్క నిమిషం దాటినా ఇక ఈ జన్మకు ఆ ఊసెత్తవద్దన్నాడు.

"ఈ ఒక్క పూట ఆ ఫోన్ జోలికి పోవద్దు" అంది సుధారాణి గుమ్మంలో నిలబడి. "మా అన్న గిన్నె తేకపోతే ఆ ఇంట్లో నేను పాలు పొంగియ్యను."

"నేను ముట్టుకోనే ముట్టుకోను. అన్నీ అదే సూసుకుంటాది" అన్నాడు శ్రీరాములు.

ఆ ధీమాకు కారణముంది. ఆయన జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. కానీ కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ ఆరింటికి "ఈ రోజు చిట్కా" పెట్టే గురువుగారు. ఆనాటిది మూడువందల పద్దెనిమిదో చిట్కా: బండి నడిపేటప్పుడు ఎవరు మెసేజ్ పెట్టినా ఫోనే జవాబిచ్చే ఏర్పాటు. ఏం జవాబివ్వాలో ఒక గడిలో టైపు చేయమంది ఆ యాప్. శ్రీరాములు వేళ్లు అలవాటుకొద్దీ "దావలో ఉండా. పది నిమిషాల్లో వస్తా" అని కొట్టేశాయి. ఆ తెరను ఫోటో తీసి, చూసి అలాగే పెట్టుకోమని గ్రూపులో వేశాడు. టమోటా మండీలో గుమాస్తాగా ఉన్న గంగాధర్ ఆయనకు పరమ భక్తుడు. మాటలతో సహా అలాగే పెట్టుకున్నాడు.

ఏడు గంటలకు బండి కదిలింది. పుట్టి బుద్ధెరిగాక శ్రీరాములు చెప్పిన టైముకు బయల్దేరడం అదే మొదటిసారి. ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న పుంగనూరు దారే అయినా ఫోన్లో మ్యాపు పెట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఛార్జింగ్ సగమే ఉంది. రాత్రంతా ఛార్జింగులో ఉంచితే బ్యాటరీ పాడవుతుందని చెప్పింది నూటపన్నెండో చిట్కా.

దారిపొడుగునా జేబులో ఫోన్ గురగురలాడుతూనే ఉంది. చిట్కా అందరికీ నచ్చినట్టుందని ఆయన మురిసిపోయాడు. జరుగుతున్నది వేరు. గంగాధర్ మండీకి బయల్దేరుతూ "థాంక్స్ అన్నా" అని పెట్టాడు. శ్రీరాములు ఫోన్ దావలో ఉండానంది. గంగాధర్ ఫోన్ తానూ దావలో ఉండానంది. అట్లయితే నేనూ ఉండానని ఇది, నేనూ ఉండానని అది, రెండూ ఒకదాన్నొకటి విడవకుండా మాట్లాడుకోసాగాయి. ఆ సందట్లో కొత్తింటి దగ్గర నిలబడ్డ వంట మునెప్ప పొయ్యిలు ఎక్కడ పెట్టాలని అడిగాడు. పది నిమిషాల్లో వస్తానని జవాబందుకుని మెట్ల మీద కూర్చున్నాడు. రంగులేసేవాళ్లు, షామియానా వాళ్లు కూడా అడిగి, అదే జవాబందుకుని మునెప్ప పక్కన వరసగా కూర్చున్నారు.

ఏడూ ఇరవైకి శంకరప్ప నుంచి మెసేజ్ వచ్చింది. మనవడికి జ్వరమని కుప్పంలో కూతురింటికి వచ్చేశాననీ, పిలవదలచుకుంటే అక్కడికే రమ్మనీ, టైము మాత్రం మారదనీ దాని సారాంశం. ఫోన్ తడుముకోకుండా పది నిమిషాల్లో వస్తానని చెప్పి, ఆ తర్వాత కాసేపటికి ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

పుంగనూరులో బావగారింటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద ఆకుకూర ఏరుతున్న సిద్ధమ్మ శ్రీరాములును ఎగాదిగా చూసింది.

"మీ బావ కుప్పం పాయ గదప్పా. నీకు ఫోన్లో పెట్టినానని, నువ్వు వస్తానంటివని చెప్పినాడే."

శ్రీరాములు ఫోన్ తీసి చూస్తే నల్లగా ఉంది. టైము ఏడూ యాభై. కుప్పం డెబ్బై కిలోమీటర్లు. ఇంటికి తిరిగిపోతే సుధారాణి ఏమీ అనదు. అదే ఆయనకు భయం. మూడేళ్లుగా ఆమె పుట్టింటి మాటెత్తకుండా ఎలా నెట్టుకొచ్చిందో ఆయనకు తెలుసు. పొద్దున గుమ్మంలో ఆమె ముఖం గుర్తొచ్చింది. ఆకాశం ఊడిపడినా సరే పోయి తీరాలని బండి కిక్కు కొట్టాడు.

పలమనేరులో టీ తాగలేదు. వి.కోటలో ఎవరో చెయ్యెత్తితే ఆగలేదు. తొమ్మిదీ యాభైకి కుప్పంలో కీర్తన ఇంటి ముందు దిగేసరికి నడుం పట్టేసింది. కీర్తన బిడ్డను చంకనేసుకుని తలుపు తీసింది.

"బావ యాడమ్మా?"

"నాయన ఇంకా రాలేదు మామా. పొద్దుననంగా అడిగితే దావలో ఉండా అన్నాడు" అంది కీర్తన.

శ్రీరాములు కుర్చీలో కూలబడ్డాడు. కీర్తన మంచినీళ్లిచ్చి ఆయన ఫోన్‌ను ఛార్జింగుకు పెట్టింది. కాసేపటికి అది కళ్లు తెరిచి, ఆగకుండా మోగింది. గంగాధర్‌వే నాలుగువందల ముప్పై. వాటి మధ్య శంకరప్పవి ఐదు. ఎనిమిదిన్నరకు, కుప్పంలోనే ఉండా, ఎప్పుడొస్తావని. తొమ్మిదికి, నీకోసరమే వాకిట్లో కుర్చీ వేసుకోని కాసుకోనుండానని. శ్రీరాములు కుర్చీ లేని ఆ వాకిలిని ఒకసారి, కీర్తనను ఒకసారి చూశాడు. కీర్తన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతలో ఆరోది వచ్చింది: "యాడుండావు? గంటన్నర నుంచి కూర్చోనుండా." ఆపేలోగానే ఫోన్ తన పాటికి తాను దావలో ఉండానని, పది నిమిషాల్లో వస్తానని జవాబిచ్చేసింది.

పదీ పది అయింది. పదీ పదిహేను అయింది. శ్రీరాములు భరిణె మూత తీసి పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. ఎదురుచూడడం ఎంత నరకమో ఆయనకు ఆ పావుగంటలో తెలిసొచ్చింది. ఆనాడు పందిట్లో దండల కోసం బావ ఇలాగే నిలబడి ఉంటాడని తోచి సిగ్గుపడ్డాడు.

పదీ ఇరవై రెండుకు ఆటో వచ్చి ఆగింది. పలమనేరులో దిగి తీరిగ్గా దోసెలు తిని, బావమరిది ఎట్లాగూ ఇప్పట్లో రాడన్న నమ్మకంతో ఇంకో బస్సు వదిలేసిన శంకరప్ప అందులోంచి దిగాడు. మీసానికి చట్నీ ఇంకా అంటుకునే ఉంది. వాకిట్లో శ్రీరాములును చూసి ఒక కాలు ఆటోలోనే ఉంచి ఆగిపోయాడు.

శ్రీరాములు దగ్గరకు వెళ్లి బావ నుదుటన బొట్టు పెట్టాడు. "ఆదివారం పొద్దున నాలుగున్నరకు బావా. గిన్నె నువ్వే తేవల్ల. ఈ పొద్దు జవాబులిచ్చింది నేను గాదు, ఫోను. ఆ పొద్దు దండలు తేలేకపోయినా. తప్పు నాదే."

శంకరప్ప చట్నీ తుడుచుకున్నాడు. "వస్తాలేప్పా" అన్నాడు. కూతురు లోపలికి వెళ్లిందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "అదేందో ఫోనే జవాబిస్తాదంట గదా. నాకు గూడా పెట్టియ్యి."

ఆదివారం నాలుగుంబావుకు కొత్తింటి ముందుగదిలో సుధారాణి అన్న కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఉండబట్టలేక యాడుండావన్నా అని మెసేజ్ పెట్టింది. మరుక్షణమే దావలో ఉండానని, పది నిమిషాల్లో వస్తానని జవాబొచ్చింది. ఆమె ముఖం పాలిపోయింది. శ్రీరాములు ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాడు. అక్కడ శంకరప్ప పంచె ఎగగట్టుకుని, మూడు గంటలకే పెరటి వాకిలి గుండా వచ్చి, తెచ్చిన ఇత్తడి గిన్నెను చింతపండు పెట్టి రెండోసారి తోముతున్నాడు. సుధారాణి కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ మాట అబద్ధమైనందుకు ఆ ఇంట్లో ఎవరైనా సంతోషించడం అదే మొదటిసారి.