ఇరవై ఎనిమిది పరమాణువుల బంతీ, నా చివరి పేరా

పరిశోధనా పత్రంలో అన్నిటికంటే గొప్పది చివరి పేరా! మిగతా పేజీలన్నీ దాన్ని మోసుకొచ్చే బండి మాత్రమే. నమ్మరా? మా అక్కని అడగండి. వద్దులెండి, కోపంగా ఉంది. నేనే చెప్తా.

మా అక్క కెమిస్ట్. ల్యాబ్ కోటు లేదు, గాజు సీసా లేదు, అంతా కంప్యూటర్‌లోనే. ఇరవై ఎనిమిది కార్బన్ పరమాణువులతో కట్టిన బుల్లి బంతే ఆమె లోకం. దాన్ని ఫుల్లరీన్ అంటారు. మరీ చిన్నది కదా, ఒళ్లంతా బిగుతు. పక్కకి ఏ అణువు వచ్చినా రెండు చోట్ల ఒకేసారి పట్టేసుకుని ఉంగరం కట్టేస్తుంది. సైక్లోఅడిషన్ అంటారట. చెయ్యి పట్టుకుంటే వదలని మా బాబాయి అనుకోండి!

అక్క అంచనా ప్రకారం ఆ బంతి, రెండు పరమాణువుల మధ్య ఉండే ఒక బంధం దగ్గర పట్టుకోవాలి. పట్టుకున్నది పక్కదాన్ని! ఎందుకు? మూడు నెలలుగా అక్కకి తిండి మీద ధ్యాస లేదు. ఇంకో ఆరు నెలలు పెద్ద కంప్యూటర్ ఇస్తే తేలుస్తానంటుంది. ఇవ్వాల్సింది కమిటీ, అక్క పత్రం చదివి.

"ఇది దేనికి పనికొస్తుందో చివర్లో రాయాలట్రా."

"ఏం రాశావక్కా?"

"ఇంకా తెలీదు అని."

"అయిపోయావ్! ఇటివ్వు!"

నాలుగే నిమిషాలు! నానోటెక్నాలజీలో అపార అవకాశాలు! మందుని తిన్నగా జబ్బు దగ్గరే దింపే బంతి! మడతపెట్టే బ్యాటరీ! మురికినీళ్ల ఫిల్టర్!

"ఒరేయ్, అది కనిపించిన ప్రతిదానికీ అతుక్కుపోతుంది. సీసాలో కూడా నిలవదు. ముందు పేజీల్లో అదే రాశాను."

ముందు పేజీలు ఎవరు చదువుతారండీ?

చదవలేదు! కమిటీ పెద్దాయన చివరి పేరా మాత్రం రెండుసార్లు చదివి, "ఈ ఫిల్టర్ కుళాయికి బిగించుకోవచ్చామ్మా?" అన్నారట. ఆరు నెలలు అడిగితే ఏడాది ఇచ్చారు! చూశారా మహిమ?

చిన్న సవరణ చేశారంతే. 'పక్క బంధాన్నే ఎందుకు పట్టుకుంది' అన్న ప్రశ్న అనవసరమని కొట్టేశారు. ఏడాదిలో ఫిల్టర్ చూపించమన్నారు.

నిన్న అక్క కమిటీ పంపిన ఉత్తరం తెచ్చి నా కీబోర్డ్ మీద పెట్టింది.

"పేరా నీది కదా. ఫిల్టర్ కూడా నువ్వే చెయ్యి."

అని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అందుకే అడుగుతున్నా, మీలో ఎవరికైనా ఫిల్టర్ చెయ్యడం వచ్చా? అక్క ఈ ఏడాదంతా ఖాళీగా లేదు. ఆ పక్క బంధం సంగతి తేల్చాలి.