తూలితేనేం, నొప్పి లేదు కదా!

నొప్పిగోలీని మించిన దేవుడు మా నకిరేకల్‌లో లేడు! కాదన్నవాళ్లు ఒక్క పూట మోకాళ్ల నొప్పితో మా ఇంటి మెట్లెక్కి చూడండి.

దేవుడైతే మొక్కు అడుగుతాడు. డాక్టరైతే పరీక్షలంటాడు, పగలంతా బెంచీ మీద కూర్చోబెడతాడు. గోలీకి అవేవీ అక్కర్లేదు. ఖాళీ అట్ట మెడికల్ షాపులో చూపిస్తే చాలు, నిండు అట్ట చేతికొస్తుంది. ఎవరికి, ఎందుకు అని అడిగే అమర్యాద మా షాపాయనకు అసలు లేదు!

మా వాడ ముసలివాళ్ల ఐకమత్యం చూసి తీరాలి. ఒకప్పుడు వాళ్లు బొడ్లో దోపుకున్న సంచిలో ఆకూ వక్కా ఉండేవి. ఇప్పుడు గోలీలు. అరుగు మీద కూర్చోగానే సంచి విప్పి పంచుకుంటారు. తన ఆపరేషన్‌కు డాక్టర్ రాసిన గోలీల్లో మిగిలినదాన్ని పక్కింటి బిక్షమ్మ మా అమ్మ గుర్వమ్మ చేతిలో పెట్టింది. "జర తేజుంటది అక్కా. మింగితే మోకాళ్లు ఉన్నయో లేవో గూడ తెల్వది" అంది. మింగిన మా అమ్మకు నిజంగానే తెలియలేదు.

లాభాలు ఒకటా రెండా? పట్టపగలే నిద్ర. నడకలో ఊపు. కళ్లు తిరగడం ఉచితం! కల్లుగీసే కాటమయ్య నా దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. "ముసలోళ్లందరు తాగకుంటనే తూలుతున్నరు సారూ! ఇగ నా కల్లు ఎవలు తాగాలె?"

మొన్న పొద్దున మా అమ్మ బాత్రూంలో పడింది. అదీ మంచికే! ఏడాదిగా గడప తొక్కని చుట్టాలు గంటలో దిగారు. పండ్లు తెచ్చారనుకునేరు, ఎవరి గోలీలు వాళ్లు తెచ్చారు. పడితే నొప్పి, నొప్పికి గోలీ, గోలీకి తూలడం, తూలితే మళ్లీ పడటం! ఇంత సాఫీగా నడిచే పథకం ఏ సర్కారు పెట్టగలదు?

మా వాడకు వచ్చే నర్సు గ్లోరీ అంతా పాడుచేసింది. అంబులెన్స్‌కు ఫోన్ కొట్టి, అమ్మ సంచి బోర్లించి, "చీటీ లేకుంట గింత తేజు గోలీలు ఎవలు తెచ్చిండ్రు?" అని గద్దించింది. అందరూ నా వైపే చూశారు.

ఏం చేయను? బిక్షమ్మ ఇచ్చింది ఒక్కటే. ఆ తర్వాత ఆర్నెల్లు ఖాళీ అట్ట పట్టుకుని షాపుకు తిరిగింది నేనే. అమ్మ గంటకోసారి పిలుస్తుంటే ఈ కాలమ్ రాసేదెట్లా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను మాత్రం అమ్మకు అడక్కముందే గోలీ పెట్టాను!

ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది. అమ్మ నల్గొండ దవాఖానలో ఉంది. తుంటి విరిగింది, మళ్లీ నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

నిన్న మంచం పక్కన కూర్చుని, "నొప్పి ఎక్కువున్నదా అమ్మా? గోలీ ఇయ్యమని అడగాల్నా?" అన్నాను.

"గోలీ నిన్నెన్నడు అడిగిన కొడుకా? బాత్రూముల తడి ఉంటది, జర చెయ్యి పట్టుమన్న" అంది.