బతుకమ్మ రంగుల గూడ్సు బండి

శనివారం పొద్దున వీరభద్రం వేసుకున్న పథకం చిన్నదే. హనుమకొండలోని తన స్టీలు సామాన్ల దుకాణం ఒక పూట మూసి, మేడ మీది గదిలో బల్లపై తిరిగే బొమ్మ గూడ్సు బండికి డబ్బాలు ఎంచుకోవాలి. మరునాడు మామగారు భోజనానికి వస్తున్నాడు. కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన కిషన్ రావు ఇద్దరు అల్లుళ్లకూ ఒకే మాట చెప్పాడు. ఎవరి బండి అచ్చం నిజం బండిలా ఉంటే, తన ఇత్తడి లాంతరు వాళ్లకే. ఎర్రటిదొకటి, పచ్చటిదొకటి అద్దాలున్న ఆ లాంతరు ఉద్యోగమంతా ఆయన చేతిలో తిరిగింది.

చిన్నల్లుడు ఓంప్రకాశ్‌ది కాశిబుగ్గలో బట్టల దుకాణం. బొమ్మ రైలు పిచ్చి మొదట పట్టింది వీరభద్రానికి. తరువాత మొదలుపెట్టిన తోడల్లుడు మెచ్చుకోళ్లు మాత్రం ముందు అందుకున్నాడు.

"నాకు లాంతరు రాకున్నా ఫికర్ లేదు. వానికి పోవద్దు, గంతే," అన్నాడు వీరభద్రం భార్య నిర్మలతో.

అందుకే కాజీపేట బ్రిడ్జి మీద నిలబడి పోయే బళ్లన్నీ చూసి వచ్చాడు. బొగ్గు డబ్బాలే ఎక్కువ, నడుమ సిమెంటువి కొన్ని, అక్కడక్కడ నూనె ట్యాంకులు. ఆ ప్రకారమే నల్ల డబ్బాలు వరుసగా తగిలించి, బొగ్గుకు బదులు నిర్మల పోపుల డబ్బాలోని ఆవాలు నింపాడు.

"రేపు పులిహోరల ఏమెయ్యాలె?" అంది నిర్మల.

"బండి తిరిగినంక దించుకో."

అప్పుడే నిర్మల చెల్లెలు యమున ఫోనులో స్టేటస్ పెట్టింది. అందులో ఓంప్రకాశ్ బండి ఎరుపు, నీలం, పసుపు డబ్బాలతో పెళ్లి ఊరేగింపులా వెళుతోంది. చుట్టాలంతా హృదయాలు పంపుతున్నారు.

"మా శకుంతలక్క గూడ పెట్టింది సూడు! నా తోడబుట్టిందా, వాని తోడబుట్టిందా?" అని వీరభద్రం మెట్లెక్కి పైకి పోయాడు.

నిర్మలకూ మండింది. చిన్నప్పుడు ఆ లాంతరును చింతపండు పెట్టి తోమింది తను. మెరిశాక పట్టుకుని వాడంతా తిరిగింది యమున. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"రంగులుంటే గూడ్సు బండి ఐతదానే? మీ బావ బ్రిడ్జి మీద నిలవడి సూసొచ్చిండు. అసలు బండి నల్లగనే ఉంటది."

ఆ మాట యమునకు చెప్పడమంటే ఓంప్రకాశ్‌కు చెప్పడమేనని ఫోన్ పెట్టేశాక గాని ఆమెకు తట్టలేదు.

ఈలోగా మేడ మీద వీరభద్రానికి నిజం మీద నమ్మకం పోయింది. బతుకమ్మ పేర్చేటప్పుడు తెల్లటి గునుగు పూలకు అద్దగా మిగిలిన రంగుపొళ్లను జిగురులో కలిపి, నల్ల డబ్బాలన్నిటికీ పూశాడు. ఆవాలు దించాలన్న సంగతి గుర్తులేదు. కొత్తగా కొన్న రంగురంగుల బండి డబ్బాలు కూడా తగిలిస్తే బండి బల్ల మీది బొమ్మ స్టేషనులో పట్టలేదు. చివరనున్న చిన్న గోధుమరంగు డబ్బాను ఊడదీశాడు.

"గిది సరుకు మొయ్యది. దుకాణంల ఖాళీ ర్యాకు పెట్టుకుంటమా?"

నిర్మల దాన్ని తీసుకెళ్లి పోపుల డబ్బా పక్కన పెట్టింది.

ఆదివారం ఓంప్రకాశ్, యమున మిఠాయి పెట్టెతో దిగారు.

"నమస్తే అన్నా!" అని ఓంప్రకాశ్ జోడించిన చేతులు నల్లగా ఉన్నాయి. జవాబుగా వీరభద్రం ఎత్తిన చేతులు గులాబీ, ఆకుపచ్చ. ఒకరి వేళ్లు ఒకరు చూసుకున్నారు. మిఠాయి పెట్టె తెరిస్తే నేతికి బదులు బూట్ పాలిష్ వాసన గుప్పుమంది. లోపలున్న బండి డబ్బాలన్నీ కారునలుపు.

"నీది బొగ్గు బండన్నది గద వదిన!" అన్నాడు ఓంప్రకాశ్.

"నీది రంగుల బండని నువ్వే గద స్టేటస్ పెట్టించినవ్!"

కిషన్ రావు చేతులు వెనక్కి కట్టుకుని రెండు బళ్లనూ చూశాడు. ఒకదాని చివర వంగి చూశాడు. రెండోదాని చివరా వంగి చూశాడు.

"మంచిగనే ఉన్నయి అల్లుడా. మరి నేను యాడ ఎక్కాలె?"

అల్లుళ్లిద్దరూ ఇంజన్ల వైపు వేలు చూపారు.

"గార్డు డబ్బ ఏది? జీవితమంతా ఆఖరి డబ్బల కూసొనే గద, మీకు పిల్లలనిచ్చిన!"

"అది సరుకు మొయ్యదని తీసేసిన మామా," అని ఓంప్రకాశ్ నసిగాడు.

"నేను గూడ అందుకే," అన్నాడు వీరభద్రం. వాళ్లిద్దరికీ ఒక్క మాట మీద కుదరడం అదే మొదలు.

నిర్మల వంటింట్లోకి వెళ్లి ఇంగువ వాసన వేస్తున్న గోధుమరంగు డబ్బాను తెచ్చి రంగుల బండి చివర తగిలించింది. వీరభద్రం ముఖం వెలిగింది. కిషన్ రావు లాంతరు తీసి, చాచిన ఆ గులాబీ చేతులను దాటి, పెద్దకూతురి చేతిలో పెట్టాడు.

"నేను గూడ తోమిన గద బాపూ!" అంది యమున.

"పోనీ, మీ ఇంట్లనే ఉంటది గద అన్నా," అని ఓంప్రకాశ్ ఓదార్చాడు.

"ఇంట్ల ఉంటే ఏంది, నాది గాదు గద!" అన్నాడు వీరభద్రం.

ఆ రోజు నుంచి మేడ మీద బండి కదలాలంటే నిర్మల పచ్చదీపం చూపాలి. జిగురులో అంటుకున్న ఆవాలన్నీ ఏరి వంటింట్లో అప్పజెప్పేదాకా ఆమె ఎర్రదీపమే చూపుతోంది.